అవిసి యజమాని పేరు

మేక పాలు చేపే ముందు ఒక క్షణం ఆగుతుంది. నెమరేస్తున్న దవడ నిలిచిపోతుంది. చెవులు ఇంకో అంగుళం కిందికి జారతాయి. కళ్ళు సగం మూతలు పడతాయి. అప్పుడు గనక తొందరపడి చన్ను లాగారా, ఇక అంతే; దిగబోయిన పాలను ఎగచేపి లోపలే బిగబట్టుకుని, మీరెవరో ముక్కూమొహం తెలీనట్టు చూస్తుంది. రావమ్మ తొందరపడదు. తన మేక అవిసి డొక్కకు నుదురు ఆనించి, పాటా కాదు జోలా కాదు, ఊరికే సన్నగా గొంతు తీస్తూ కూర్చుంటుంది. ఆ కాసేపూ తానెక్కడుంటుందో ఆమెకే తెలీదు.

మాఘమాసం. కాలవ మీంచి లేచిన మంచు మినపచేలన్నీ కప్పేసి పాకదాకా వచ్చింది. పామర్రుకి రెండు మైళ్ళ అవతల ఎప్పుడూ తడారని నేల అది. అందుకని మేకల పాకను నడుమెత్తు తాటి దూలాల మీద చెక్కలు పరిచి కట్టారు. కింద మంచు కదులుతుంటే పైన పదకొండు జమునాపారి మేకలూ, రావమ్మా, పాలచెంబూ కలిసి పడవెక్కి ఎటో పోతున్నట్టుంది. ఎటైనా సరే, ఆదివారం రాని వైపు పోతే బావుండునని ఆమెకు అనిపించింది. ఆదివారం సాయంత్రం అవిసి వెళ్ళిపోతుంది. ఇవాళ శుక్రవారం.

అవిసి చేపింది. మొదటి ధార చెంబు అడుగున ఠంగుమంది. ఆ తర్వాతివి నురగలో పడి మెత్తబడ్డాయి.

"ఏమేవ్," అని పాక మెట్ల దగ్గర్నించి కేక వినబడింది. "ఎవడీ గోపాలరావు?"

ముప్పైమూడేళ్ళ కాపరంలో మొగుడు ఇలాంటి ప్రశ్న వేస్తాడని రావమ్మ ఏనాడూ అనుకోలేదు. అయినా ధార ఆపలేదు.

"ఏ గోపాలరావండీ?"

"శ్రీనివాస గోపాలరావు. మన మేకకి యజమానట."

వెంకటకృష్ణారావు మెట్లెక్కి వచ్చాడు. పామర్రులో ఎరువుల కొట్టు నడుపుతాడు. నలుగురిలో పేరున్న మనిషి, ఆ పేరంటే ఆయనకు ప్రాణం. చేతిలో మేకల పెంపకందారుల సంఘంవారి నమోదు కార్డుంది. అది కార్తీకంలో వస్తే కవరు చింపకుండా బీరువాలో దేవుడి పటం వెనక పెట్టాడు. రేపు మైలవరం ప్రదర్శనకు సంచి సర్దుకుంటూ ఇప్పుడు తీశాడు. మేక చెవికున్న పసుప్పచ్చ బిళ్ళ నంబరు సరిగ్గానే ఉంది. తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ సరిగ్గానే ఉన్నాయి. మేక పేరు డెల్టా క్వీన్ అని ఉంది, అది ఆయన పెట్టిందే. యజమాని గడిలో మాత్రం ఇంటిపేరు తమదే, మనిషి వేరే.

"కార్డుకని వచ్చినాయనకి మీ పేరే చెప్పానండీ," అంది రావమ్మ.

"నా పేరు చెప్పావా? నోటితో?"

"నోటితో ఎట్టా చెప్తాను? తిరపతి కొండ మీదాయన ముందు, వెన్నదొంగ వెనకాల, ఆఖర్న రావు అన్నాను. ఆయన నవ్వి, అర్థమైందమ్మా అని రాసుకున్నాడు."

వెంకటకృష్ణారావు కార్డు వంక చూశాడు. తిరుపతి కొండమీద శ్రీనివాసుడు. వెన్నదొంగ గోపాలుడు. ఆ కార్డు రాసిన సంఘం మనిషి పవన్‌కుమార్‌ని తప్పుపట్టడానికి లేదు. పరీక్షలో అయితే మార్కులు కూడా పడేవి.

"ఈ కాలంలో కూడా ఏంటే ఇది," అన్నాడు ఆయన, తల పట్టుకుని. "ఈ ఏటి నుంచీ కార్డులో పేరూ ఆధార్‌లో పేరూ ఒకటి కాకపోతే గేటు లోపలికే రానివ్వరు. చక్రిగారికి ఏం చెప్పను?"

రావమ్మ రెండో చన్ను అందుకుంది. అత్తగారు బతికున్న రోజుల్లో, మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఒక్కసారే చెప్పింది. రావమ్మకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. అలాగని ధైర్యమూ లేదు.

చక్రి అంటే మైలవరం అవతల మామిడితోటల మధ్య వంద మేకలతో ఫారం పెట్టినాయన. పాల పోటీ అవగానే అవిసిని మైదానం నుంచే తన బండిలోకి ఎక్కించుకుంటానన్నాడు. ఫారం గేటు మీద, ఫలానా వెంకటకృష్ణారావుగారి మందలో పుట్టిన మేక అని బోర్డు రాయిస్తానన్నాడు. డబ్బు మాట అలా ఉంచండి, బోర్డు అనగానే ఈయన మాటిచ్చేశాడు. ఇచ్చి వచ్చాక భోజనాల దగ్గర రావమ్మకు చెప్పాడు. "మీ ఇష్టమండీ," అంది ఆమె. పోపుల డబ్బా చేతికి తగిలినంత తేలిగ్గా ఆ మాట ఆమె నోటికి తగులుతుంది. మజ్జిగ పోసి, కంచాలు తీసి, పాకలోకి వెళ్ళి చాలా రాత్రిదాకా అవిసి పక్కనే కూర్చుంది.

అవిసి అన్నది రావమ్మ పెట్టిన పేరు. పుట్టినప్పుడు ఒళ్ళు తెల్లగా, చెవులు అవిసె పువ్వు రేకుల్లా పొడుగ్గా వేలాడుతుంటే ఆ పేరు దానంతటదే వచ్చింది. తల్లి లేవలేకపోతే సీసాపాలు పట్టింది ఆమే. ఇప్పుడది రెండో ఈతలో ఉంది. రెండు పిల్లలు పక్క గదిలో ముట్టెలు చెక్కల సందుల్లోంచి పెట్టి చూస్తున్నాయి. ఇంట్లో కిందటేటి ప్రదర్శన ఫొటో కట్టించి పెట్టారు. అందులో వెంకటకృష్ణారావు ఒక చేత్తో కప్పు, ఒక చేత్తో మేక పలుపు పట్టుకుని నవ్వుతుంటాడు. ఫొటో అంచున ఎవరిదో చెయ్యి, రెండు మట్టిగాజులు, ఒక స్టీలు బకెట్టు. ఆ చెయ్యి ఎవరిదని ఇంటికొచ్చినవాళ్ళు ఎవరూ ఇంతవరకూ అడగలేదు.

"పేరు తప్పు పడిందని మాత్రం సంఘం సెక్రటరీకి ఫోన్లో చెప్పా," అన్నాడు వెంకటకృష్ణారావు కాసేపటికి మళ్ళీ వచ్చి. "అక్కడికొస్తే సరిచేస్తానన్నాడు. బయల్దేరదాం. ఏదో ఒకటి చూద్దాం."

రావమ్మ చెంబు మీద గుడ్డ కప్పింది. మంచు అప్పుడే పలచబడుతోంది.

శనివారం పదింటికి ట్రాలీ ఆటోలో వరిగడ్డి మందంగా పరిచి అవిసిని ఎక్కించారు. మినప పొట్టు ఒక బస్తా, తెలగపిండి ఒక సంచి, పచ్చి పిల్లిపెసర ఒక మోపు, అవిసాకు రెండు కట్టలు పెట్టారు. నీళ్ళు మారితే మేక ముట్టదని ఇంటి నీళ్ళే రెండు క్యాన్లలో పోసింది రావమ్మ. వెంకటకృష్ణారావు ఇస్త్రీ చొక్కా నలగకుండా డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆమె వెనకాల గడ్డిలో కూర్చుంది. ముందుకు రమ్మని ఆయన ఒకసారి అన్నాడు, ఆమె రానంది. మళ్ళీ వచ్చేటప్పుడు ఆ గడ్డిలో ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు. ఆయనకు ఆ ఆలోచన తట్టలేదు.

అవిసి తల ఒళ్ళో పెట్టింది. బండి ఊగినప్పుడల్లా దాని చెవులు అటూ ఇటూ రాసుకుంటున్నాయి. కాలవ వెంట రోడ్డు, రోడ్డు వెంట కాలవ. ఉయ్యూరు దగ్గర చెరుకు లారీలు అడ్డం వస్తే తియ్యటి పులుపు వాసన బండిలోకి దూరి కూర్చుంది. రావమ్మ కళ్ళు బరువెక్కాయి. కలో మెలకువో తెలీని చోట ఎవరో మనిషి పొలం గట్టు మీద కొంగల్ని వరసగా నిలబెట్టి యజమాని పేరు అడుగుతున్నాడు. కొంగలు ఒంటికాలి మీద నిలబడి తీరిగ్గా ఆలోచిస్తున్నాయి. మీరెవరూ చెప్పకండే, చెప్తే తీసుకుపోతారు అని ఆమె అరవబోయింది. గొంతు రాలేదు. అవిసి ఆమె బొటనవేలిని చప్పరిస్తుంటే మెలకువొచ్చింది.

బెంజ్ సర్కిల్ దగ్గర కూతురు శ్రీదుర్గ ఎక్కింది. అక్కడే ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తుంది. ఆఫీసు బట్టలతోనే వెనకవైపు నుంచి ఎగబాకి గడ్డిలో కూలబడింది. సిగ్నల్ పడితే చుట్టూ బండ్లవాళ్ళంతా అవిసి చెవుల్ని చూస్తున్నారు.

"కుక్కాండీ ఇది?" అన్నాడు స్కూటరు మీద ఒకాయన.

"మేకండీ. రిజిస్టర్డ్," అంది శ్రీదుర్గ. ఆయన బాగా గౌరవంగా తలూపాడు.

బండి కదిలాక తల్లి జరిగిందంతా చెప్పింది. శ్రీదుర్గ నవ్వీ నవ్వీ గడ్డిలో దొర్లింది. "శ్రీనివాస గోపాలరావా? బావుందమ్మా, నాన్న పేరుకంటే ఇదే బావుంది. నేను మా ఆయన్ని రోజుకి వందసార్లు పేరు పెట్టి పిలుస్తా. గుండ్రాయిలా ఉన్నాడు."

"మీ రోజులు వేరులే."

"రోజులు కాదు, మనుషులే వేరు." ఆమె నవ్వు ఆపి తల్లి మొహంలోకి చూసింది. "అదేంటి, ఏడ్చావా?"

"గడ్డి నలుసు పడింది."

శ్రీదుర్గ అవిసి మెడకింద గోకుతూ కూర్చుంది. కొండపల్లి దాటాక గాలి మారింది. డెల్టా తడి వాసన పోయి, ఎర్ర నేల మీద మామిడి పూత వాసన మొదలైంది. మైలవరం వచ్చేదాకా తోటలే, తోటలనిండా పూతే. ఇక్కడ అవిసికి తినడానికి లోటుండదని రావమ్మ మనసుకు నచ్చజెప్పబోయింది. మనసు వినలేదు.

మైదానంలో షామియానాలు వేసి, వెదురు దడులతో మేకకొక గది కట్టారు. బల్ల దగ్గర సంఘం సెక్రటరీ ముస్తాక్ కూర్చుని ఉన్నాడు. యాభై దాటినాయన, నెమ్మదైన మనిషి. కార్డు చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"శ్రీనివాస గోపాలరావుగారు వచ్చారాండీ?"

"నేనేనండీ," అన్నాడు వెంకటకృష్ణారావు. ఆధార్ చూపించాల్సి వచ్చేసరికి నీళ్ళు నమిలి, మొత్తం కథ చెప్పాడు. ముస్తాక్ నవ్వలేదు. ఆ మర్యాదకు వెంకటకృష్ణారావు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"సరిచేయడం కష్టం కాదు సార్. కానీ మాకొక రూలుంది. కార్డు రాసేటప్పుడు వివరాలు ఎవరు చెప్పారో వాళ్ళే వచ్చి, యజమాని పేరు మళ్ళీ నోటితో చెప్పాలి. ఇద్దరు సాక్షులు వినాలి. కిందటేడు ఒకాయన కాగితం రాయించుకొచ్చి వేరేవాళ్ళ మేకని తనదన్నాడు. అప్పట్నుంచి కాగితాలు నమ్మడం మానేశాం." కార్డు కింద చిన్న అక్షరాలు వేలితో చూపించాడు. వివరాలు తెలిపినవారు: రావమ్మ. "అమ్మ చెప్పాలి. రేపు పొద్దున తూకానికి ముందు చెప్తే చాలు."

వెంకటకృష్ణారావు భార్య వైపు తిరిగాడు. "విన్నావుగా. ఒక్కసారి. ఒక్క ముక్క. నాకేం కాదులే."

"అట్టాగేనండీ," అంది రావమ్మ.

ఐదింటికి పొదుగులు ఖాళీ చేయించారు. పోటీకి ముందు సాయంత్రం పొదుగులో బొట్టు మిగలకుండా అందరి ఎదుటా పితికించి, అక్కణ్ణించి లెక్క మొదలెడతారు. పక్క గదిలో తెరేసమ్మ అని గుడివాడ వైపు మనిషి. ఆమెదీ తెల్ల మేకే. చేతులు కడుక్కుంటూ ఆమె రావమ్మ కథంతా విని, ఉన్నమాటే అనేసింది.

"పేరేగా, కరుస్తదా? మా ఆయన పేరు ఏసోబు. పొద్దున లేస్తే ఏసోబూ నీళ్ళు తే, ఏసోబూ గడ్డి కొయ్యి. నేను పిలవకపోతే ఆడికి తోచదు."

"నీకేమమ్మా, హాయి."

"హాయి కాదు. అట్టా పిలిస్తేగానీ పలకడు." తెరేసమ్మ పైకి నవ్వింది గానీ, చూపు అవిసి మీద ఉంది. "మంచి మేక. రేపు దీన్ని అమ్మేస్తన్నారంటగా?"

"మా ఆయన మాటిచ్చారు."

"నువ్వో?"

రావమ్మ పీట లాక్కుని కూర్చుంది. నుదురు డొక్కకు ఆనించింది. చుట్టూ మైకు, జనం, తెలీని మేకల అరుపులు. అవిసి బిగుసుకుని నిలబడింది, చేపలేదు. పర్యవేక్షకుడు గడియారం చూసుకుంటున్నాడు. రావమ్మ గొంతు సన్నగా తీసింది. మైకు దూరమైంది. మామిడిపూత వాసన మీద కాలవ వాసన కమ్ముకుంది. షామియానా గుడ్డలోంచి దిగే పసుపు వెలుగులో అవిసీ తానూ తప్ప ఇంకెవరూ లేరు. దవడ ఆగింది, చెవులు జారాయి, చేపింది. ఆఖరి బొట్టుదాకా పితికి, పొదుగు కింద చెయ్యిపెట్టి చూపించింది.

అందరూ టీకి వెళ్ళాక ఆమె గదిలోనే ఉండిపోయింది. ఎండ తోటల వెనక్కి జారుతోంది. అవిసి చెవి రెండు చేతుల్లోకి తీసుకుంది. లోపల గులాబీరంగుగా, వెచ్చగా, సన్నటి నరాలతో ఉంది. చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

"వెంకట," అంది చెవిలో. ఆగింది. ఆకాశం విరిగి పడలేదు. "వెంకటకృష్ణారావు."

ముప్పైమూడేళ్ళలో అదే మొదటిసారి. అవిసి చెవి విదిలించుకుని, పిల్లిపెసర మోపులోకి మూతి పెట్టింది. అవతల టీ బండి దగ్గర ఆ పేరుగల మనిషి గాజు గ్లాసు పట్టుకుని, నిక్షేపంగా ఎవరితోనో నవ్వుతున్నాడు. రావమ్మకు మొదట ఒళ్ళంతా తేలికైంది. వెంటనే బోలెడంత దిగులేసింది. ఇక రేపు చెప్పలేనని అనడానికి లేదు. చెప్పగలదు. చెప్తే కార్డు సరవుతుంది, పోటీ జరుగుతుంది, అవిసి చక్రి బండెక్కుతుంది. ఇన్నాళ్ళూ తన నోటి భయమే దాన్ని కాస్తోకూస్తో ఆపుతున్నట్టు ఉండేది. అదీ పోయింది.

ఆదివారం పొద్దున ఆరింటికి మంచు లేదు, చలి ఉంది. బల్ల మీద తూకం పెట్టారు. ముస్తాక్ రిజిస్టరు తెరిచి, సాక్షులుగా తెరేసమ్మనీ, అప్పుడే వచ్చిన చక్రినీ పిలిచాడు. చక్రి మంచివాడే. వస్తూనే రావమ్మకు నమస్కారం పెట్టి, "మా ఫారంలో దీనికి ఏ లోటూ రానివ్వనండీ," అన్నాడు. ఆమెకు ఆ మాట ఇంకా కష్టంగా తోచింది. చెడ్డవాడైతే బావుండేది. వెంకటకృష్ణారావు కొత్త చొక్కా తొడుక్కుని, ఫొటోకి నిలబడే మనిషిలా ఛాతీ విరిచి నిలబడ్డాడు. శ్రీదుర్గ ఫోను పట్టుకుని పక్కనుంది.

"అమ్మా," అన్నాడు ముస్తాక్ పెన్ను మూత తీస్తూ, "చెవి బిళ్ళ నంబరు మీ ఎదురుగానే చదివాను. ఈ జీవం మీ ఇంట్లోదేనా?"

"మా ఇంట్లోదేనండీ."

"పుట్టినప్పట్నించీ ఎవరు పెంచారు?"

ఇది ఎవరూ అనుకోని ప్రశ్న. ముస్తాక్ అందరినీ అడిగేదే, ఫారంలో ఉన్నదే.

"నేనేనండీ."

"పితికేదెవరు?"

"నేను. నాకు తప్ప చేపదండీ."

"మంచిది. యజమాని పేరు చెప్పండి."

రావమ్మ నోరు తెరిచింది. పేరు నాలుక చివర సిద్ధంగానే ఉంది, నిన్నటి నుంచీ వెచ్చగానే ఉంది. పలుపు చేతిలో కొద్దిగా బిగిసింది. అవిసి అడుగు ముందుకేసి ఆమె మోచేతికి మూతి రాసింది. చూస్తే పెంచిందెవరన్నా, పితికేదెవరన్నా తాను చెప్పిన జవాబు ఒకటే. ఆఖరిదానికి మాత్రం వేరే జవాబు ఎక్కణ్ణించి తేవాలి?

"రావమ్మ," అంది.

ముస్తాక్ పెన్ను ఆగింది. "మీ పేరు కాదమ్మా. యజమాని పేరు."

"అదేనండీ. రావమ్మ."

మొదటిసారి నోరు జారిందేమో గానీ రెండోసారి జారలేదు. అక్కడున్నవాళ్ళందరికీ ఆ తేడా తెలిసింది. వెంకటకృష్ణారావు ఏదో అనబోయాడు. అంటే ఏమవుతుంది? పెళ్ళాం అబద్ధం చెప్పిందని అనాలి. మరి పెంచింది నువ్వా అంటే? పితికేది నువ్వా అంటే? కిందటేడు ఫొటోవాడు వెళ్ళాక కప్పు పక్కనపెట్టి, సరదాకి పీటమీద కూర్చుంటే అవిసి ఎగచేపి, చెంబు తన్ని, చొక్కా పాడుచేసిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. తూకం దగ్గర అవతలివాళ్ళు తొందరపెడుతున్నారు.

"సార్, మీకేమైనా అభ్యంతరం ఉందా?" అన్నాడు ముస్తాక్.

వెంకటకృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. చాలాసేపు సవరించుకున్నాడు.

"ఆవిడ చెప్పాక ఇంకేముంది," అన్నాడు.

"సాక్షులు విన్నారా?"

"విన్నా. రెండుసార్లు," అంది తెరేసమ్మ. చక్రి కూడా తలూపాడు గానీ, ఆయన మొహంలో లెక్క తప్పిన మనిషి ఆలోచన కనిపించింది. శ్రీదుర్గ గబగబా తల్లి ఆధార్ ఫోనులో తీసి బల్లమీద పెట్టింది.

ముస్తాక్ కార్డు మీద గోపాలరావుని అడ్డంగా కొట్టి, పైన రావమ్మ అని రాసి, పక్కన ఆమె చేత సంతకం పెట్టించాడు. శ్రీనివాస గోపాలరావు అనే పెద్దమనిషి పాపం నాలుగు నెలలు బతికి, ఎవరికీ ఏ అపకారం చేయకుండా వెళ్ళిపోయాడు.

ఆ పొద్దున అవిసి ఇట్టే చేపింది. రావమ్మ గొంతు తీయాల్సిన పని కూడా లేకపోయింది. ధారలు వరసగా పడుతుంటే కళ్ళు మూసుకుంది. తాను చేసిందేమిటో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. భయంగా ఉంది. భయం కింద ఇంకేదో ఉంది. మంచు కింద కాలవలాగా, కనపడదు గానీ కదులుతోంది. వెంకటకృష్ణారావు దడి అవతల నిలబడి రోడ్డు వైపు చూస్తున్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు. భోజనం పొట్లం తెచ్చిచ్చినప్పుడు కూడా శ్రీదుర్గకిచ్చి, "మీ అమ్మకియ్యి," అన్నాడు.

రెండు గంటలప్పుడు ఎండ ముదిరితే అవిసి నాలుక బయటపెట్టి రొప్పసాగింది. రావమ్మ గోనెపట్టా తడపడానికని లేచి చూస్తే, క్యాను దగ్గర ఆయన ఉన్నాడు. కొత్త చొక్కా చేతులు మడిచి, పట్టా తడిపి, పిండి, దడిమీద ఆరేస్తున్నాడు. ఆమెను చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు. ఆమె వచ్చి అవిసి పక్కన కూర్చుంది. తడి పట్టా మీంచి వచ్చే గాలికి మేకా, మనిషీ కాసేపు కునుకు తీశారు.

సాయంత్రం పితుకుడయ్యాక రెండు పూటల తూకాలు కలిపి చదివారు. మొదటి బహుమతి తెరేసమ్మ మేకకు వచ్చింది. ఏసోబు అక్కడే ఉన్నాడు, పిలవకుండానే పలికాడు. రెండోది మైకులో చదువుతూ కాస్త తడబడ్డారు. "డెల్టా క్వీన్, పామర్రు. యజమాని రావమ్మగారు. రావమ్మగారు ఎక్కడున్నా వేదిక దగ్గరికి రావాలి."

తన పేరు అంత దూరం వినబడుతుందని రావమ్మకు ఎప్పుడూ తెలీదు. మైదానం చివర తోటలకు తగిలి తిరిగొచ్చినట్టనిపించింది. పమిట సర్దుకుని, పలుపు పట్టుకుని వెళ్ళింది. అలవాటు కొద్దీ వెంకటకృష్ణారావు కూడా పక్కనే నడిచాడు. కప్పు ఆమె చేతిలో పెట్టారు.

"సార్, కొంచెం పక్కకి జరగండి," అన్నాడు ఫొటోవాడు. "ఓనర్‌గారూ, మేక దగ్గరికి రండి. సార్, ఆ బకెట్టు కాస్త పట్టుకోండి, అడ్డం వస్తోంది."

ఆయన బకెట్టు పట్టుకున్నాడు. ఫొటో పడింది.

మైదానం ఖాళీ అవుతుండగా చక్రి అమ్మకం ఫారం తెచ్చాడు. అలవాటుగా వెంకటకృష్ణారావు వైపు చాచి, మళ్ళీ మధ్యలో ఆపాడు. "యజమాని సంతకమండీ," అన్నాడు మొహమాటంగా. "పొద్దున నేనే సాక్షిని కదా."

వెంకటకృష్ణారావు ఫారమూ పెన్నూ తీసుకుని అవిసి గదికి వచ్చాడు. రావమ్మ మిగిలిన అవిసాకు విదిలించి ఒక్కో రెమ్మా తినిపిస్తోంది. ఆయన దడి దగ్గర ఆగాడు.

"ఏమేవ్," అన్నాడు. ఆమె వినిపించుకోలేదో, వినబడలేదో. మైకులో అంతసేపు విన్నాక ఆ పిలుపు ఆయన చెవికే పొట్టిగా తోచింది.

"రావమ్మా."

ఆమె చేతిలో రెమ్మ ఆగిపోయింది. ఆ పేరు ఆయన నోట పెళ్ళినాడు పురోహితుడు పలికించిందే, మళ్ళీ ఇదే. వెనక్కి తిరిగేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి. ఈసారి గడ్డి నలుసు అనలేదు.

"చక్రిగారు వెయిట్ చేస్తున్నారు," అన్నాడు ఆయన. "నేను మాటిచ్చాను."

"ఇచ్చారండీ."

"బోర్డు కూడా రాయిస్తానన్నాడు."

"అన్నారండీ."

"మరి?"

అవిసి ఆయన చేతిలోని కాగితాన్ని వాసన చూసి, మూల కొరకబోయింది. ఆయన పైకెత్తాడు. కార్డు మీద కొట్టేసిన గీత, పైన ముస్తాక్ రాసిన పేరు, పక్కన గూడుకట్టి కూర్చున్న ఆమె సంతకం ఆయనకు గుర్తొచ్చాయి. ముప్పైమూడేళ్ళలో ఏ కాగితం మీదా ఆమె సంతకం కావాల్సి రాలేదు.

"నీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట ఆయన నోటికి బొత్తిగా అలవాటు లేదు. కొత్త చెప్పుల్లా కరిచి ఉంటుంది. అయినా అన్నాడు, వెనక్కి తీసుకోలేదు.

రావమ్మ పెన్ను అందుకుంది. దాని మూత పెట్టి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

"అయితే ఇంటికి పోదామండీ. పిల్లలు పాకలో అరుస్తుంటయ్."

వెంకటకృష్ణారావు కాసేపు నిలబడి, చక్రి దగ్గరికి వెళ్ళాడు. ఏం చెప్పాడో ఇక్కడికి వినబడలేదు. చక్రి మొదట మొహం ముడుచుకుని, తర్వాత నవ్వి, అవిసికి పోతుపిల్ల పుడితే తనకే ఇవ్వాలని అక్కడ్నించే ఒక కేక వేశాడు. "యజమానిగారిని అడగాలండీ," అన్నాడు వెంకటకృష్ణారావు. ఎగతాళో నిజమో తెలీకుండా అన్నాడు. బహుశా రెండూ అయి ఉంటాయి.

ట్రాలీ వెనక తలుపు ఆయనే దించాడు. శ్రీదుర్గ డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. ఇక ఆయనకు గడ్డే మిగిలింది. కొత్త చొక్కాతో అందులో కూర్చుని, ముడుకులు ముడుచుకుని, అవిసికి చోటిచ్చాడు. తోటలమీద వెలుగు పోతోంది. పూత వాసన బండి వెంట చాలా దూరం వచ్చి, కొండపల్లి దగ్గర ఆగిపోయింది. ముగ్గురూ ఒకే ఊగు ఊగుతున్నారు. అవిసి రావమ్మ ఒళ్ళో తలపెట్టింది. ఆమె వంగి దాని చెవెత్తి, లోపల ఏదో అంది.

"ఏం చెప్పావే దానికి?" అన్నాడు ఆయన.

"మీ పేరేనండీ."

అవిసి చెవి విదిలించుకుని మళ్ళీ పడుకుంది.